జపాను చూచివచ్చిన విద్యాధికారి: సర్ రాస్ మసూద్

దేశాటనం విద్యలో ఒక భాగమని పెద్దలు చెబుతూ వచ్చారు. కాని దేశాలు తిరిగినవారందరు ఒకే తీరుగ చూడరు. కొందరి దృష్టి అంగళ్ళ మీద నిలుస్తుంది. కొందరిది మేడల మీద, కోటల మీద. మరికొందరు ఇంటి వంట దొరకలేదని చింతిస్తూనే కాలం గడిపి తిరిగివస్తారు. పరాయి ఊరి వీధులలో నడుస్తూ, అక్కడి అన్నం తింటూ, పండుగలు చూస్తూ, ఈ జనం ఇంత త్వరగా ఎట్లు ఎదిగారు, తమ బిడ్డలకు ఏ భాషలో ఏమి నేర్పారు అని ఆలోచించేవారు అరుదు. అట్టి అరుదైన యాత్రికులలో సర్ సయ్యద్ రాస్ మసూద్ ఒకరు.

అలీగఢ్ చరిత్ర చదివినవారికి ఆయన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి మనుమడుగా తెలుసు. ఆంగ్ల సాహిత్యం చదివినవారికి ఒక ప్రసిద్ధ నవలను అంకితం పొందిన మిత్రుడుగా తెలుసు. మనకు ఆయన ఇంకొక విధంగా కూడ దగ్గరివారు. 1916 నుండి 1928 వరకు ఆయన నిజాం రాష్ట్ర విద్యాశాఖాధిపతి. ఆనాటికి ఖమ్మం ప్రత్యేక జిల్లా కాలేదు. వరంగల్లు జిల్లాలో ఒక తాలూకా మాత్రమే. ఇక్కడి సర్కారు బడులు కూడ ఆయన అధికారం క్రిందివే. ఆ పదవిలో ఉండగా 1922లో ఆయన జపాను వెళ్ళి, అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి వచ్చారు. ఆ యాత్ర లేవనెత్తిన ప్రశ్న, ఉర్దూ విభాగం, తెలుగు విభాగం ఒకే కప్పు క్రింద నడిచే మనవంటి కళాశాలకు ఈనాటికి కూడ సొంత ప్రశ్నయే.

మసూద్ 1889 ఫిబ్రవరి 15న జన్మించారు. తండ్రి సయ్యద్ మహమూద్ అలహాబాదు ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన గొప్ప పండితుడు. హిందూ కుటుంబాలలో అక్షరాభ్యాసం ఎట్టిదో ముస్లిం కుటుంబాలలో బిస్మిల్లా వేడుక అట్టిది. మనుమని బిస్మిల్లా జరిపించే వేళ సర్ సయ్యద్ ఆ బాలుని తన ఆప్తమిత్రుడైన రాజా జయకిషన్ దాస్ గారి ఒడిలో కూర్చుండబెట్టారు. చదువు ఏ ఒక్క మతపు సొత్తు కాదని చూపడానికి అంతకంటె మంచి పద్ధతి ఏముంటుంది? ఆ తాతగారు 1864లోనే ఘాజీపూరులో ఒక శాస్త్రీయ సంఘాన్ని స్థాపించి, ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోనికి అనువదింపజేసినవారు. అయితే తర్వాతి కాలంలో ఉన్నత విద్యకు ఇంగ్లీషే తగినదని ఆయన తలచారు. తాతగారు ప్రారంభించి విడిచిన ఆ పని, అరువది యేండ్లు గడవకముందే, మనుమని చేతికి వచ్చింది.

1898లో తాతగారు, 1903లో తండ్రిగారు గతించారు. అలీగఢ్ కళాశాల పూర్వ ప్రిన్సిపాలు థియొడర్ మారిసన్ సంరక్షణలో మసూద్ ఇంగ్లండు చేరారు. ఆక్స్‌ఫర్డులో ప్రవేశానికి లాటిను రావాలి. 1906లో ఆ భాష నేర్పడానికి కుదిరిన యువకుడు ఇ. ఎం. ఫార్‌స్టర్, అప్పటికి ఆయన ఇంకా ప్రసిద్ధి పొందిన రచయిత కాడు. లాటిను ఎంతవరకు సాగిందో గాని, ఆ గురుశిష్యుల మధ్య జీవితాంతం నిలిచిన స్నేహం మొలకెత్తింది. ఫార్‌స్టర్ 1912లో మొదటిసారి భారతదేశం వచ్చినది మసూద్‌ను చూడడానికే. 1921 చివర హైదరాబాదులో మసూద్ ఇంట అతిథిగా ఉన్నారు. 1924లో వెలువడిన ఎ పాసేజ్ టు ఇండియా అనే నవలను ఆయనకే అంకితమిచ్చారు.

ఆక్స్‌ఫర్డు పట్టం పొంది, న్యాయవాద పరీక్ష కూడ పూర్తి చేసి, మసూద్ స్వదేశం వచ్చారు. న్యాయవాదవృత్తిలో మనసు నిలువలేదు. ప్రభుత్వ విద్యాశాఖలో చేరి, పాట్నాలో ప్రధానోపాధ్యాయుడుగా, కటకంలోని రేవన్షా కళాశాలలో చరిత్రాచార్యుడుగా పనిచేశారు. 1916లో హైదరాబాదు నుండి పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడు. ఆయనను నిజాం ప్రభువు మసూద్ జంగ్ అనే బిరుదుతో గౌరవించారు.

ఆయన వచ్చిన కాలం సామాన్యమైనది కాదు. భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించే విశ్వవిద్యాలయం ఒకటి ఉండాలని అక్బర్ హైదరీ వంటివారు తలపెట్టారు. 1917లో నిజాం ప్రభువు ఆమోదం లభించింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919 ఆగస్టులో తరగతులు మొదలైనవి. ఇంగ్లీషును ఒక భాషగా తప్పనిసరి చేసి, మిగిలిన శాస్త్రాలన్నిటిని ఉర్దూలో బోధించాలని నిర్ణయం. పుస్తకాలు లేవు గనుక దారుత్తర్జుమా అనే అనువాదశాఖను స్థాపించి, మౌల్వీ అబ్దుల్ హక్ గారికి అప్పగించారు. కాలక్రమంలో వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలోనే చెప్పారు.

దీనిని చూచి ఆక్షేపించినవారు తక్కువ కాదు. మన భాషలలో రసాయనశాస్త్రం చెప్పడం సాధ్యమా అని కొందరు, ఇట్లు చదివినవారికి కొలువులు దొరుకునా అని కొందరు సందేహించారు. అక్షరజ్ఞానం గలవారు నూటికి ఐదుగురికి మించని రాజ్యం అది. అట్టి చోట ఈ ప్రయత్నం గాలిలో మేడ అని కూడ అనుకొనేవారుండిరి. ఈ సందేహానికి వాదంతో సమాధానం చెప్పడం కంటె, ఈ పని చేసి గెలిచిన దేశమొకటి ఎక్కడైనా ఉన్నదా అని వెదకడం మంచిది. ఆసియాలో అట్టి దేశం ఒక్కటే. 1905లో రష్యా వంటి సామ్రాజ్యాన్ని యుద్ధంలో ఓడించి, తూర్పు దేశాలన్నిటిని తనవైపు తిప్పుకొన్న జపాను. ఆ దేశపు విద్యావిధానం పరిశీలించిరమ్మని నిజాం ప్రభుత్వం 1922లో మసూద్‌ను పంపించింది. జపాను వారు కూడ ఒకప్పుడు ఇట్లే చేశారు. 1871లో ఇవకురా అనే రాజపురుషుని నాయకత్వంలో అధికారులను, విద్యార్థులను ఓడనెక్కించి అమెరికా, ఐరోపాలు తిప్పి చూపించారు. నేర్చుకొనడానికి పోయిన దేశం యాబది యేండ్లలో నేర్పగల దేశమైనది.

ఆనాటి టోకియో పాతకొత్తల కలయిక. 1922 మార్చి నుండి జూలై వరకు ఊయెనో ఉద్యానంలో శాంతి ప్రదర్శన పేర గొప్ప వస్తుప్రదర్శన జరిగింది. వీధులలో విద్యుత్తు ట్రాములు నడిచేవి. వాటి ప్రక్కనే మనిషి లాగే రిక్షాలు కూడ ఉండేవి. మన రైలుస్టేషన్ల ముందు తరతరాలుగా వినిపించిన ఆ రిక్షా అనే మాట జపాను భాషదే. మనిషి, బలం, బండి అనే మూడు మాటలు కలిసి జిన్‌రికిషా అయినది. అది మన నోట రిక్షాగా మిగిలింది. మగవారు కచేరీకి పోయేటప్పుడు కోటు, టోపీ ధరించేవారు. ఇంటికి రాగానే కిమోనో కట్టుకొని చాపల మీద కూర్చునేవారు. గడప వద్ద చెప్పులు విడిచి లోనికి పోవడం అక్కడ విధి. గడ్డితో దట్టంగా అల్లిన తతామి చాపలే నేల. కాగితం అతికిన జరుపుడు తలుపులే గోడలు. పేటపేటకు వేడినీటి స్నానశాలలుండేవి. ధనికుడు, కూలివాడు ఒకే తొట్టిలో దిగి, ఊరి కబుర్లు చెప్పుకొనేవారు.

భోజనం విషయంలో దక్కను యాత్రికునికి కొంత ఓర్పు అవసరమే. అన్నం మనకు పరిచితమే కాని, దానిని రెండు పుల్లలతో తినాలి. పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన మిసో చారు, ఊరవేసిన ముల్లంగి, సోయా పాలను విరుగగొట్టి చేసిన తోఫు, చేపలు, సముద్రపు నాచు, ఇవి నిత్యభోజనం. కారం లేదు, నేయి లేదు, మసాలా లేదు. పాలు, చక్కెర లేని పచ్చని తేనీరు రోజంతా త్రాగుతారు. రైలుస్టేషన్లలో చెక్కపెట్టెలలో అన్నం, కూరలు సర్ది అమ్మేవారు. ఒక్కొక్క ఊరి పెట్టెలో ఆ ఊరి ప్రత్యేక వంట ఉండేది. బౌద్ధప్రభావం చేత శతాబ్దాల తరబడి నాలుగు కాళ్ళ జంతువుల మాంసానికి దూరంగా ఉన్న జనం, 1872లో తమ చక్రవర్తి గోమాంసం తిన్నాడని ప్రకటించిన తర్వాతనే క్రమంగా దానికి అలవాటుపడ్డారు. ముస్లిం యాత్రికునికి చేప, అన్నం, కూరగాయలే శరణ్యం. అప్పటికి టోకియోలోనే కాదు, ఆ దేశంలో ఎక్కడ కూడ మసీదు కట్టబడలేదు. మొదటిది 1935లో కోబేలో, ఆ తర్వాత 1938లో టోకియోలో వెలసినవి. అయినను ఉర్దూ భాష ఆ నగరానికి మసూద్ కంటె ముందే చేరింది. భోపాలుకు చెందిన మౌల్వీ బర్కతుల్లా 1909 నుండి 1914 వరకు టోకియో విదేశీ భాషల పాఠశాలలో హిందుస్తానీ బోధించారు.

పండుగల విషయానికి వస్తే, జపాను నగరం మన పల్లెకు దగ్గరగా తోస్తుంది. 1873లో పాశ్చాత్య పంచాంగం స్వీకరించి, కొత్త సంవత్సరాన్ని జనవరి 1కి మార్చుకొన్నారు. కాని ఆనాడు జిగురు బియ్యం ఉడికించి, రోట దంచి మోచి ముద్దలు చేయడం మాత్రం మానలేదు. తేదీ మారినా పండుగ వంట మారలేదన్నమాట. మార్చి 3న ఆడపిల్లల కొరకు మెట్లమెట్లుగా బొమ్మల కొలువు పెడతారు. మే 5న మగపిల్లలున్న ఇండ్ల ముందు పొడవాటి గడలకు చేప ఆకారపు గుడ్డలు కట్టి ఎగురవేస్తారు. ప్రవాహానికి ఎదురీదే ఆ చేపవలె బిడ్డలు ధీరులు కావాలని కోరిక. ఆనాడు ఓక్ ఆకులలో చుట్టిన బియ్యపు ముద్దలు తింటారు. మోదుగాకు విస్తరిలో తిని పెరిగిన మన అడవి సీమ జనానికి ఇది వింతగా తోచదు. జూలై 7న పిల్లలు రంగు కాగితాల మీద తమ కోరికలు వ్రాసి వెదురు కొమ్మలకు కడతారు. చేవ్రాత బాగుపడాలన్నది ఆనాటి పెద్ద కోరికలలో ఒకటి.

పేట దేవుని పల్లకిని భుజాలకెత్తుకొని యువకులు కేకలతో వీధులలో ఊరేగుతారు. మన పల్లెలలో పీర్ల సవారి వెంట అన్ని కులాలవారు నడిచే దృశ్యం ఎరిగినవారికి ఆ సంరంభం సులభంగా అర్థమవుతుంది. వేసవిలో వచ్చే బోన్ పండుగలో చనిపోయిన పెద్దలు ఇంటికి వచ్చిపోతారని నమ్మి, దీపాలు వెలిగించి ఆహ్వానిస్తారు. చివరి రాత్రి కొన్ని ఊళ్ళలో ఆ దీపాలను నీటిలో విడిచి సాగనంపుతారు. షబే బరాత్ నాడు సమాధుల వద్ద దీపం పెట్టి ఫాతిహా చదివే మనకు, పెద్దల అమావాస్యనాడు బియ్యమిచ్చే మన పొరుగువారికి, భద్రాచలం రేవున గోదావరిలో దీపం విడిచే భక్తులకు ఆ భావం కొత్తది కాదు. ట్రాము బండ్లు, కర్మాగారాలు, యుద్ధనౌకలు వచ్చిన తర్వాత కూడ ఈ ఆచారాలు చెక్కుచెదరలేదు. ఆధునికత అంటే తన ఇంటిని కూల్చుకొని పరుల ఇంటిలో అద్దెకుండడం అనే భ్రమను జపాను నగరం ఆనాడే పోగొట్టింది.

మసూద్ పరిశీలించవలసిన అసలు విషయం బడి. జపాను ప్రభుత్వం 1872లో విద్యాశాసనం చేసినది. 1873లో బడి ఈడు పిల్లలలో నూటికి ఇరువది ఎనిమిది మంది మాత్రమే బడిలో ఉన్నారు. 1905 నాటికి ఆ సంఖ్య తొంబది అయిదుకు చేరింది. 1886లో ప్రాథమిక విద్యను నిర్బంధం చేశారు. 1900లో రుసుము తొలగించారు. 1907లో నిర్బంధ విద్యను ఆరేండ్లకు పెంచారు. పిల్లలే తమ తరగతి గదులు ఊడ్చి తుడుచుకొనడం, ఊరంతా వచ్చి చూచే ఆటల పోటీలు, ఉపాధ్యాయుల వెంట విహారయాత్రలు, ఇవన్నీ చదువులో అంతర్భాగాలు. వాటిపైన ఉన్నత పాఠశాలలు, వృత్తివిద్యాలయాలు, ఆ పైన టోకియో, క్యోటో, తోహొకు, క్యూషు, హొక్కాయిదో సామ్రాజ్య విశ్వవిద్యాలయాలు. ఈ మెట్లన్నిటిలో పాఠం చెప్పే భాష జపాను భాషయే.

ఇది మొదటినుండి ఇట్లే ఉన్నదనుకొంటే పొరపాటు. తొలి దినాలలో టోకియో ఉన్నత విద్యాలయాలలో ఇంగ్లీషు, జర్మను దొరలు తమ తమ భాషలలోనే బోధించేవారు. వారిలో కొందరి జీతాలు మంత్రుల జీతాలకు సాటివచ్చేవి. తర్వాత విద్యామంత్రి అయిన మోరీ అరినోరి 1872 ప్రాంతంలో, జపాను భాషతో ఆధునిక విద్య సాగదనీ, ఇంగ్లీషునే దేశభాషగా స్వీకరించడం మేలనీ ప్రతిపాదించాడు. అమెరికా భాషాశాస్త్రవేత్త విట్నీ సలహా అడుగగా, పరభాషను సాధించడానికి కావలసిన తీరిక సామాన్యునికి ఉండదనీ, చదివినవారికి, చదువనివారికి మధ్య అగాధం ఏర్పడుతుందనీ ఆయన హెచ్చరించాడు. ఆ ప్రతిపాదన వీగిపోయింది. దొరల వద్ద చదివిన జపాను యువకులే క్రమంగా ఆచార్యులై, తమ భాషలో పాఠాలు చెప్పసాగారు. ఇంగ్లీషును వారు విడిచిపెట్టలేదు. దానిని చదువవలసిన భాషగా ఉంచుకొన్నారు; చదువు చెప్పవలసిన భాషగా ఉంచుకొనలేదు.

ఇందుకు వెనుక దీర్ఘమైన కృషి ఉన్నది. 1774లోనే సుగిత గెంపకు, ఆయన మిత్రులు డచ్చి భాషలోని శరీరశాస్త్ర గ్రంథాన్ని, ఒక్కొక్క మాటకు రోజులు వెచ్చించి అనువదించారు. వంద యేండ్ల తర్వాత నిషి అమానె తత్త్వశాస్త్రానికి తెత్సుగాకు అనే మాటను చీనా ధాతువులతో కల్పించాడు. తెలుగు తన శాస్త్రపదాలకు సంస్కృతాన్ని, ఉర్దూ తన శాస్త్రపదాలకు అరబ్బీ ఫారసీలను ఆశ్రయించినట్లే, జపాను భాష చీనా లిపి గల ధాతువులను ఆశ్రయించింది. కనుక హైదరాబాదు దారుత్తర్జుమాలో పండితులు ఒక్కొక్క పారిభాషిక పదానికి తర్జనభర్జనలు పడుతున్నారంటే అది నవ్వదగిన విషయం కాదు. ఆ దారిలో నడిచి గమ్యం చేరిన జాతి ఒకటి అప్పటికే ఉన్నది.

మసూద్ తిరిగివచ్చి వ్రాసిన నివేదిక, జపాను, దాని విద్యావిధానం అన్న శీర్షికతో, 1923లో హైదరాబాదు ప్రభుత్వ ముద్రణాలయం నుండి ఇంగ్లీషులో వెలువడింది. తర్వాత ఉర్దూలోనికి కూడ వచ్చింది. యాత్రలో ఆయన వ్రాసుకొన్న దినచర్య ఆయన మరణానంతరం 1968లో కరాచీలో అచ్చయింది. నివేదికలో ఆయన బడుల లెక్కలు మాత్రమే ఇచ్చి ఊరుకొనలేదు. ఆ జాతి చరిత్రను తడవి, పాశ్చాత్య శాస్త్రాన్ని స్వీకరిస్తూనే తన భాషను, స్వభావాన్ని నిలుపుకొనడమే జపాను విజయానికి మూలమని నిరూపించారు. ఉస్మానియా ప్రయోగానికి అది గట్టి ఊతమైనది. ఆ నివేదిక వెలువడిన సంవత్సరమే, 1923 సెప్టెంబరు 1న, మధ్యాహ్నపు వంటకు పొయ్యిలు వెలిగిన వేళ గొప్ప భూకంపం సంభవించి, టోకియో, యొకోహామా నగరాలు మంటల పాలైనవి. లక్షకు పైగా జనం మరణించారు. మసూద్ చూచిన టోకియోలో చాల భాగం ఏడాది దాటగానే కనుమరుగైనది. మేడలు కూలినవి కాని, బడిలో నేర్చిన విద్య కూలలేదు. ఆ నగరం మళ్ళీ లేచి నిలిచింది.

ఇంతవరకు చెప్పినది మసూద్ యాత్రలోని ఒక సగం. తెలుగువారమైన మనం రెండవ సగం కూడ చూడాలి. జపానులో జనభాష, బడి భాష, ప్రభుత్వ భాష ఒక్కటే. నిజాం రాజ్యంలో అట్లు కాదు. అక్కడి ప్రజలలో ఇంచుమించు సగం మంది తెలుగువారు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు మరెందరో. ఉర్దూ ఇంటిభాషగా గలవారు పదింట ఒకరు. క్రింది తరగతులలో దేశభాషలకు కొంత చోటు ఉన్నా, పైకి పోయిన కొలది ఉర్దూయే మిగిలేది. టోకియో బాలునికి తల్లి పలుకే విశ్వవిద్యాలయం దాకా తోడు. ఖమ్మం తాలూకా రైతుబిడ్డకు ఉర్దూ ఒక కొత్త మెట్టు, ఆపైన ఇంగ్లీషు మరొక మెట్టు. గోదావరికి ఆవల ఉన్న భద్రాచలం ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనిది. అక్కడి తెలుగు బిడ్డకు ఉర్దూ మెట్టు లేదు గాని, ఇంగ్లీషు మెట్టు ఉండనే ఉన్నది. ఒకే భాష మాట్లాడే రెండు దరుల పిల్లలు ఎవరి చదువును వారి భాషలో ముగించే భాగ్యానికి నోచుకొనలేదు.

మసూద్ జపాను వెళ్ళడానికి ముందటి ఏడు, 1921 నవంబరులో, హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలను శాంతంగా విన్న సభ్యులు, న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా ఎగతాళి చేసి అడ్డుపడ్డారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు వంటివారి కృషితో అది ఆంధ్ర మహాసభగా పెరిగింది. ఆ మహాసభ 1934లో ఒకసారి, 1945లో మరొకసారి మన ఖమ్మంలోనే సమావేశమైనది. మాతృభాషలో చదువు అన్నది ఆ సభల ముఖ్యమైన కోరికలలో ఒకటి. న్యాయంగా చూస్తే, అది మసూద్ జపాను నుండి తెచ్చిన పాఠమే. ఆ పాఠాన్ని ఉర్దూకు వర్తింపజేసిన రాజ్యం తెలుగుకు వర్తింపజేయలేదు. అయితే ఉస్మానియాలో తెలుగు శాఖ ఉండినది, రాయప్రోలు సుబ్బారావు గారు దానికి ఆచార్యులుగా ఉండిరి అన్న సంగతి కూడ మరువరాదు. లోపం ఉర్దూ భాషది కాదు. ఒక భాషకు ఇచ్చిన గౌరవం తక్కిన భాషలకు ఇవ్వని పాలనది.

జపాను కూడ ఈ దోషానికి అతీతం కాదు. తన పిల్లలకు తన భాషలో చదువు చెప్పుకొన్న ఆ దేశమే, 1910లో కొరియాను ఆక్రమించి అక్కడి బడులలో తన భాషను రుద్దింది. ఒకినావా ద్వీపాలలో ఇంటిభాష మాట్లాడిన విద్యార్థి మెడలో శిక్షగా చెక్కపలక వ్రేలాడదీశారు. ఉత్తరాన ఐనూ జాతి భాష అడుగంటిపోయింది. గెలిచిన జాతికి తన భాష విలువ తెలుస్తుంది. ఇతరుల భాషకు కూడ అదే విలువ ఉన్నదని తెలిసికొనడమే కష్టం.

మసూద్ 1928లో హైదరాబాదు విడిచి, 1929లో అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరైనారు. అక్కడ శాస్త్రవిభాగాలను బలపరచడానికి దేశవిదేశాల నుండి ప్రతిభావంతులను రప్పించారు. ఇరువది నాలుగేండ్లు కూడ నిండని ఫ్రెంచి గణితవేత్త ఆంద్రె వేల్‌ను 1930లో గణితశాఖకు ఆచార్యునిగా నియమించిన ధైర్యం ఆయనది. వేల్ అక్కడ ఉన్నది రెండేండ్లే. తర్వాత ఆ యువకుడు ఇరువదవ శతాబ్దపు మహాగణితవేత్తలలో ఒకడైనాడు. 1933లో మసూద్‌కు సర్ బిరుదు లభించింది. ఆ ఏడే అక్టోబరులో ఆఫ్ఘనిస్తాను ప్రభువు నాదిర్ షా ఆహ్వానం మీద, విద్యావిషయాలలో సలహా ఇవ్వడానికి మహాకవి ఇక్బాల్, పండితుడు సులేమాన్ నద్వీలతో కలిసి కాబూలు వెళ్ళివచ్చారు. 1934లో అలీగఢ్ పదవిని విడిచి, భోపాలు సంస్థానంలో విద్యామంత్రి అయినారు. అనారోగ్యంతో బాధపడుతున్న ఇక్బాల్‌కు భోపాలు నవాబుగారి నుండి ఉపకారవేతనం లభించినది ఆయన చొరవ వలననే. 1937 జూలై 30న, నలుబది ఎనిమిదేండ్ల వయస్సులోనే, భోపాలులో కన్నుమూశారు. అలీగఢ్‌లో తాతగారి సన్నిధిలోనే ఆయనను ఖననం చేశారు. ఇక్బాల్ ఆయన స్మృతికి ఒక విషాదగీతం వ్రాశారు. మరుసటి సంవత్సరం ఆ కవి కూడ గతించారు.

ఉస్మానియాలో ఉర్దూ బోధన 1948 తర్వాత నిలిచిపోయి, ఇంగ్లీషు దాని చోటు తీసికొన్నది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ఈ జిల్లాలో చేరి గోదావరి రెండు దరులు ఒకటైనవి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, కళాశాల చదువుకు తెలుగులో పుస్తకాలు సిద్ధం చేసింది. దారుత్తర్జుమా ఒకప్పుడు ఉర్దూకు చేసిన పనియే అది. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ పేర ఉర్దూ విశ్వవిద్యాలయం వెలసింది. అయినను పిల్లవానిని ఏ బడిలో చేర్పించాలి అన్న సమయం వచ్చినప్పుడు, తెలుగు తల్లిదండ్రులు, ఉర్దూ తల్లిదండ్రులు ఒకే తీరుగ ఇంగ్లీషు బడి వైపు నడుస్తున్నారు. కొలువుల భయం వారిని నడిపిస్తున్నది. ఆ భయాన్ని తేలికగ చూడరాదు. దానికి విరుగుడు ఉపన్యాసం కాదు. సొంత భాషలో మంచి పుస్తకం, మంచి ఉపాధ్యాయుడు, దానితోపాటు ఇంగ్లీషును ఒక భాషగా చక్కగా నేర్పే ఏర్పాటు. జపాను చేసినది ఈ మూడే.

విద్యార్థి మిత్రులారా! మన జిల్లా అంచున, అడవి మొదలయ్యే చోట, కోయ భాష మాట్లాడే బిడ్డలు ఉన్నారు. వారికి బడిలో వినవచ్చే తెలుగు, ఒకప్పుడు మన తాతలకు సర్కారు బడిలో వినవచ్చిన ఉర్దూ వంటిదే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులు ప్రారంభించే ప్రయత్నం జరిగింది. ఆ దారి ఇంకా చాల దూరం నడువవలసి ఉన్నది. మీలో పలువురు రేపు ఉపాధ్యాయులై ఆ ఊళ్ళకే పోతారు. అక్కడ మొదటి బల్లమీద కూర్చున్న పిల్ల, మీరు చెప్పిన మాట అర్థం కాక బిక్కమొగం వేసినప్పుడు, ఆమెకు తెలివి లేదని తలచకండి. ఆమె ఇంటి మాటలు పది నేర్చుకొని, ఆ మాటలతో పాఠం మొదలుపెట్టండి. సముద్రాలు దాటిపోయి మసూద్ సాహెబు నేర్చివచ్చిన విద్యకు మనం చెల్లించగల గురుదక్షిణ అదే.